తెలివి తగ్గినవారి నిర్ణయాలు: మన బాధ్యత

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబంపై, సహచరులందరిపై శాంతీ శుభాలు కురియుగాక!

అల్లాహ్ మనిషికి ప్రసాదించిన అనుగ్రహాల్లో బుద్ధి చాలా గొప్పది. నమాజు, రోజా మనపై విధి అయ్యేది బుద్ధి ఉన్నందువల్లనే. మన అమ్మకాలు, కొనుగోళ్లు, నికాహ్, వసీయత్ చెల్లేది కూడా బుద్ధి ఉన్నందువల్లనే. అయితే ఈ అనుగ్రహాన్ని ఇచ్చినవాడు దాన్ని వెనక్కి తీసుకోనూగలడు. మనుషుల్లో కొందరు మిక్కిలి హీనమైన వయసుకు చేర్చబడతారని, అన్నీ తెలిసిన తర్వాత ఏమీ తెలియని స్థితికి వస్తారని అన్‌నహ్ల్ సూరా 70వ ఆయతు, అల్‌హజ్ సూరా 5వ ఆయతు మనకు గుర్తుచేస్తున్నాయి. అలాంటి వయసుకు చేరకుండా కాపాడమని మహాప్రవక్త (స) స్వయంగా అల్లాహ్ శరణు వేడుకునేవారు.

నేడు మన ఇళ్లలో ఇలాంటివారు చాలామందే ఉన్నారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, మతిమరుపు వ్యాధితో జీవిస్తున్నారని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవారు, మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు, పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్నవారు వీరికి అదనం. వీరి విషయంలో మనం సాధారణంగా రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తున్నాం.

మొదటిది, "ఆమెకేం తెలుసు?" అని మాటను పూర్తిగా లాగేసుకోవడం. "అమ్మీ, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అంటాం. అది ఏ కాగితమో చెప్పం. ఏం తినాలో, ఎవరి ఇంట్లో ఉండాలో, ఏ బిడ్డను చూడాలని ఉందో కూడా అడగం. రెండవది, "ఆయన ఆస్తి, ఆయనిష్టం" అని చేతులు దులుపుకోవడం. బయటివాడు వచ్చి మాయమాటలు చెప్పి ఆ అమాయకుడిని ముంచిపోతుంటే చూస్తూ ఊరుకుంటాం. మొదటిది దౌర్జన్యం, రెండవది నిర్లక్ష్యం. షరీఅత్ ఈ రెండింటికీ మధ్య ఒక తిన్నని దారి చూపింది.

మదీనా బజారులో ఒక సహాబీ

హజ్రత్ హబ్బాన్ బిన్ మున్‌ఖిజ్ (రజి) సంఘటనను చూద్దాం. కొన్ని ఉల్లేఖనాల్లో ఈ సంఘటన ఆయన తండ్రికి సంబంధించినదిగా వచ్చింది. ఆయన తలకు దెబ్బ తగిలింది. దానివల్ల మాట తడబడింది, లెక్క బలహీనపడింది. అయినా బజారుకు వెళ్లి క్రయవిక్రయాలు చేసేవారు, మోసపోయేవారు. ఇంటివారు విసిగిపోయి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, ఈయన లావాదేవీలపై నిషేధం విధించమని కోరారు. దీన్నే ఫిఖ్హ్ పరిభాషలో 'హజ్ర్' అంటారు.

ఆ తర్వాత జరిగింది జాగ్రత్తగా గమనించాలి. దైవప్రవక్త (స) ఇంటివారి మాట మాత్రమే విని తీర్పు చెప్పలేదు. ఆయన్నే పిలిపించారు. వ్యాపారం మానుకోమని ముందు ఆయనకే చెప్పారు. తాను వ్యాపారం చేయకుండా ఉండలేనని ఆ సహాబీ విన్నవించుకున్నారు. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనకు ఒక ఉపాయం నేర్పారు. ఏదైనా కొనేటప్పుడు, అమ్మేటప్పుడు 'ఇందులో మోసం ఉండకూడదు' అని ముందే ఎదుటివారితో అనమన్నారు. కొన్న వస్తువును మూడు రోజుల లోపు తిప్పి ఇచ్చే హక్కు కూడా ఆయనకు ఇచ్చినట్టు ఉల్లేఖనాల్లో ఉంది. ఆ చిన్న వాక్యాన్ని కూడా ఆయన నాలుక సరిగా పలకలేకపోయేదని సహీహ్ ముస్లిం ఉల్లేఖనం చెబుతోంది. పదం తప్పుగా పలికినా ఆయన హక్కు మాత్రం చెల్లింది.

మన అంశానికి సంబంధించిన మూలసూత్రమంతా ఈ ఒక్క సంఘటనలో ఉంది. ఇంటివారి ఆందోళన నిజమైనదే, ఆయన బలహీనతా నిజమైనదే. కానీ ఆయన కోరిక కూడా నిజమైనదే. కారుణ్యమూర్తి (స) ఆయన నుండి బజారును దూరం చేయలేదు. బజారులో ఆయనకు ఒక రక్షణ కల్పించారు. నిర్ణయాన్ని లాక్కోకుండా, నిర్ణయం తీసుకోవడానికి తోడ్పడ్డారు. మూడు రోజుల గడువు దొరికితే, ఇంటికి తెచ్చిన వస్తువును తీరిగ్గా చూసుకోవచ్చు, నమ్మకమైనవారిని అడగవచ్చు, తప్పయితే దిద్దుకోవచ్చు. మన ఇంట్లోని బలహీనులకు కూడా ఇలాంటి గడువే చాలాసార్లు చాలు.

వీధిలో నిలబడి విన్న ప్రవక్త (స)

హజ్రత్ అనస్ (రజి) మరో సంఘటన ఉల్లేఖించారు. బుద్ధిలో కొంత లోపం ఉన్న ఒక స్త్రీ వచ్చి, తనకు దైవప్రవక్త (స)తో పని ఉందని చెప్పింది. ఆయన ఆమెను 'ఫలానావారి తల్లీ' అని గౌరవంగా సంబోధించారు. ఏ వీధిలో మాట్లాడాలనుకుంటుందో ఆమెనే ఎంచుకోమన్నారు. ఆమెతోపాటు వెళ్లి, ఆమె చెప్పదలచుకున్నది ముగిసేదాకా నిలబడి విన్నారు.

ఒక రాజ్యాన్ని నడుపుతున్న నాయకుడాయన. 'ఈమె మాటకేం విలువ?' అనుకోలేదు. ఎవరినో పంపి సరిపెట్టలేదు. స్థలం ఎంపిక ఆమెకే వదిలారు, సమయం ఆమెకే ఇచ్చారు. మనం మన వృద్ధ తండ్రికి ఆయన ఇంట్లోనే కూర్చునే చోటు ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తున్నామా? ఆయన ఒక వాక్యం పూర్తిచేసేదాకా ఓపిక పడుతున్నామా? తల్లిదండ్రులు మన దగ్గర వృద్ధాప్యానికి చేరితే వారి ముందు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనరాదని అల్‌ఇస్రా సూరా 23వ ఆయతు ఆదేశిస్తోంది. ఒకే ప్రశ్నను పదిసార్లు అడిగే తల్లి దగ్గరే ఈ ఆదేశానికి అసలు పరీక్ష.

పరీక్షించి చూడమన్న ఖుర్ఆన్

ఒక మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? వయసు చూసి, రోగం పేరు చూసి చెప్పేయవచ్చా? అన్‌నిసా సూరా 5, 6 ఆయతులు దీనికి దారి చూపుతున్నాయి. అవివేకుల చేతికి సంపద అప్పగించవద్దని, అందులో నుండి వారికి తిండి, బట్ట సమకూర్చమని, వారితో మంచిగా మాట్లాడమని మొదటి ఆయతు చెబుతోంది. సంపద కాపాడే సందర్భంలో కూడా మంచి మాటను అల్లాహ్ విడిచిపెట్టలేదు. అనాథలను యుక్తవయసు వచ్చేదాకా పరీక్షిస్తూ ఉండమని, వారిలో వివేకం కనిపించగానే వారి సొమ్ము వారికి అప్పగించమని, అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమని రెండవ ఆయతు ఆదేశిస్తోంది.

ఈ పరీక్ష ఎలా ఉంటుందో ధర్మవేత్తలు వివరించారు. చిన్న మొత్తం చేతికిచ్చి చిన్న వ్యవహారం చేయనివ్వాలి, ఎలా చేస్తున్నారో చూడాలి. అంటే తీర్పు చెప్పాల్సింది మన అనుమానం కాదు, కంటికి కనిపించిన ఆచరణ. ఒక నేరాన్ని తానే వచ్చి ఒప్పుకున్న హజ్రత్ మాయిజ్ (రజి) విషయంలో దైవప్రవక్త (స) ఆయన మానసిక స్థితి గురించి ఆయన్నే అడిగారు, ఆయన తెగవారినీ విచారించారు. మనిషిని స్వయంగా అడగడం, అతణ్ణి దగ్గరగా ఎరిగినవారిని అడగడం ఆనాడే మనకు నేర్పిన పద్ధతి.

అప్పు పత్రం గురించి చెప్పే అల్‌బఖరా సూరా 282వ ఆయతులో మరో మెట్టు ఉంది. అప్పు తీసుకున్న వ్యక్తి అవివేకి అయినా, బలహీనుడైనా, తాను చెప్పి రాయించలేకపోయినా, అతని తరఫున అతని వలీ న్యాయంగా చెప్పి రాయించాలి. వలీకి అల్లాహ్ విధించిన షరతు 'న్యాయంగా' అన్నదే.

ధర్మవేత్తలు చేసిన వర్గీకరణ

ముగ్గురిపై నుండి కలం ఎత్తివేయబడిందని హదీసు ద్వారా మనకు తెలుసు: మేలుకునేదాకా నిద్రించేవాడు, యుక్తవయసు వచ్చేదాకా బాలుడు, తెలివి తిరిగి వచ్చేదాకా ఉన్మాది. ముగ్గురికీ ఒక 'దాకా' ఉందని గమనించండి. ఆ స్థితి ముగియగానే మనిషి తిరిగి పూర్తి మనిషిగా లెక్కలోకి వస్తాడు. అందుకే హనఫీ ధర్మవేత్తలు ఎడతెగని ఉన్మాదాన్ని, వచ్చిపోయే ఉన్మాదాన్ని వేరుగా చూశారు. వచ్చిపోయే వ్యాధి ఉన్నవారు తెలివిగా ఉన్న వేళ చేసిన వ్యవహారం ఆరోగ్యవంతుల వ్యవహారంలాగే చెల్లుతుంది.

పూర్తి ఉన్మాది కాకుండా, అవగాహన తక్కువగా, మాట కలగాపులగంగా ఉండే వ్యక్తిని 'మఅతూహ్' అన్నారు. అతని వ్యవహారాలను మూడు రకాలుగా విభజించారు. పూర్తిగా లాభం కలిగించేది, అంటే ఎవరైనా ఇచ్చిన కానుక తీసుకోవడం వంటిది, ఎవరి అనుమతీ లేకుండానే చెల్లుతుంది. పూర్తిగా నష్టం కలిగించేది, అంటే తన ఆస్తిని దానం చేసేయడం, తలాఖ్ ఇవ్వడం వంటిది, వలీ ఒప్పుకున్నా చెల్లదు. లాభనష్టాలు రెండూ ఉండే క్రయవిక్రయాలు వలీ సమ్మతితో చెల్లుతాయి. ఒకే మనిషి ఒక విషయంలో సమర్థుడు, మరో విషయంలో కాదు. 'ఈయనకు బుద్ధి ఉందా, లేదా?' అని ఒక్క ప్రశ్నతో తేల్చకుండా, 'ఈ నిర్ణయం ఈయన తీసుకోగలరా?' అని ఒక్కొక్క విషయంలో అడగాలన్నమాట.

ఇక తెలివి ఉండీ డబ్బు దుబారా చేసేవారి సంగతి. వారిపై ఆంక్ష విధించవచ్చని ఎక్కువమంది ఇమాములు అన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) మాత్రం అంగీకరించలేదు. బుద్ధి ఉన్న వయోజనుడి మాటకు విలువ లేకుండా చేయడమంటే అతని మానవత్వాన్నే తక్కువ చేయడమని, డబ్బు పోవడం కంటే అది పెద్ద నష్టమని ఆయన పక్షాన వివరణ. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) ఈ విషయంలో ఆయనతో విభేదించారు. ఏ అభిప్రాయాన్ని అనుసరించినా ఒక విషయం మనకు బోధపడాలి. కొడుకుకు నచ్చని నిర్ణయం తండ్రి తీసుకున్నంత మాత్రాన తండ్రికి మతి పోయిందని కాదు.

రోగం వేరు, అసమర్థత వేరు. హజ్జతుల్ విదా సమయంలో మక్కాలో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తీవ్రంగా జబ్బుపడ్డారు. తన ఆస్తిలో ఎంత భాగం దానంగా వసీయత్ చేయవచ్చని పరామర్శకు వచ్చిన దైవప్రవక్త (స)ను అడిగారు. మూడింట రెండు వంతులు వద్దన్నారు, సగం వద్దన్నారు. మూడో వంతుకు అనుమతిస్తూ అదీ ఎక్కువేనన్నారు. ఆ సంభాషణ మొత్తం రోగితోనే జరిగింది. వారసుల హక్కుకు హద్దు పెట్టారు గాని రోగి నోరు మూయించలేదు. ఆయన ఆ జబ్బు నుండి కోలుకుని ఎన్నో ఏళ్లు జీవించారు కూడా.

మన దేశ చట్టం ఏమంటోంది?

ఈ విషయంలో మన దేశ చట్టాలు కూడా తెలుసుకోవడం అవసరం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం, ఒప్పందం చేసుకునే వేళ దాన్ని అర్థం చేసుకుని, తన మేలు కీడులు తూచుకోగలిగితే ఆ మనిషి స్థిరబుద్ధి గలవాడే. సాధారణంగా మతి స్థిమితం లేకపోయినా, స్థిమితంగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమల్లో ఉంది. ఇది మానసిక చికిత్సకు సంబంధించిన నిర్ణయాల గురించి చెబుతుంది. సమాచారాన్ని అర్థం చేసుకోవడం, ఫలితాన్ని గ్రహించడం, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో మరే విధంగానో తెలపడం, వీటిని బట్టి రోగి సామర్థ్యాన్ని చూడమంటుంది. సమాచారాన్ని రోగికి తెలిసిన సులభమైన భాషలో, అవసరమైతే బొమ్మలతో, సైగలతో చెప్పాలి. నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేదని అనరాదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, రేపు జబ్బు తిరగబెడితే తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసిపెట్టుకునే హక్కు కూడా ఈ చట్టం ఇచ్చింది. వచ్చిపోయే జబ్బు ఉన్నవారికి ఇది పెద్ద ఊరట.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వం గురించి చెబుతూ, సంరక్షకుడూ వికలాంగుడూ పరస్పర అవగాహనతో, నమ్మకంతో కలిసి నిర్ణయించాలంటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం వంటివి ఉన్న వయోజనులకు చట్టబద్ధమైన సంరక్షకుడు కావాలంటే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

చాలామందికి తెలియని మరో సంగతి ఉంది. తల్లి ఆరోగ్యంగా ఉన్నప్పుడు కొడుకు పేర రాసిచ్చిన సాధారణ పవర్ ఆఫ్ అటార్నీ, ఆమెకు మతి స్థిమితం పోయాక చెల్లదు. ఆ కాగితం పట్టుకుని ఇల్లు అమ్మేస్తే రేపు కోర్టులో చిక్కే. అల్లాహ్ ముందు లెక్క ఎటూ ఉంది. అందుకే ఇలాంటి పరిస్థితిలో ముందుగా న్యాయవాదినీ, విశ్వసనీయుడైన ముఫ్తీనీ సంప్రదించాలి.

ఇంట్లో ఎలా ఆచరించాలి?

నిర్ణయం ముందుకు వచ్చినప్పుడు మొదట మంచి వేళ చూసుకోవాలి. మతిమరుపు ఉన్నవారు చాలామంది ఉదయం తేరుకుని ఉంటారు, సాయంత్రానికి కలవరపడతారు. కళ్లజోడు, చెవి మిషను పెట్టించాలి. టీవీ ఆపాలి. అమ్మీకి ఉర్దూలో చెబితే అర్థమవుతుందా, తెలుగులోనా అన్నది చూడాలి. ఒకేసారి పది విషయాలు కాకుండా ఒక్కొక్కటే చెప్పాలి. మాట రానివారికి బొమ్మ చూపవచ్చు, సైగ చేయమనవచ్చు. మూగవారి స్పష్టమైన సైగను మన ధర్మవేత్తలు మాటతో సమానంగా స్వీకరించారు.

ఉన్నట్టుండి మతి తప్పితే అది ముసలితనమేనని తేల్చేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్ పడిపోవడం, కొన్ని మందులు వృద్ధులను తాత్కాలికంగా అయోమయంలో పడేస్తాయి. డాక్టరుకు చూపించండి. ఆగగలిగిన నిర్ణయాన్ని ఆపండి.

అర్థమైందా అని అడిగితే ఎవరైనా 'ఆఁ' అనేస్తారు. అందుకు బదులు, "నాన్నా, ఈ కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుందో మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. ఇల్లు ఎవరిదవుతుంది, తాను ఎక్కడ ఉంటారు, మిగతా పిల్లలకు ఏం మిగులుతుంది అనేది ఆయన చెప్పగలిగితే ఆయనకు అర్థమైనట్టే. మరో రోజు మళ్లీ అడిగితే అదే మాట చెబితే నమ్మకం ఇంకా బలపడుతుంది. పెద్ద లావాదేవీ అయితే డాక్టరు పరీక్ష రాతపూర్వకంగా ఉండటం మంచిది.

ఆ కాగితంతో లాభపడేవారే దాన్ని వివరించేవారు కాకూడదు. అన్న పేర హిబా జరుగుతుంటే, తల్లికి వివరించాల్సింది అన్న కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రిని, ఈ కుమారుడికి ఇచ్చినట్టే పిల్లలందరికీ ఇచ్చావా అని అడిగి, లేదనగానే సాక్షిగా ఉండటానికి నిరాకరించారు. తెలివి చురుగ్గా ఉన్న తండ్రి విషయంలోనే ఇంత జాగ్రత్త అయితే, తేదీ కూడా గుర్తులేని తల్లి చేత రాయించుకునే హిబాకు ఎంత జాగ్రత్త ఉండాలి!

నికాహ్ విషయం కూడా ఇంతే. మందులతో కుదుటపడిన అమ్మాయికి 'పెళ్లయితే అంతా సర్దుకుంటుంది' అని ఆమెను అడగకుండా సంబంధం ఖాయం చేయడం సరికాదు. తండ్రి తన ఇష్టానికి వ్యతిరేకంగా నికాహ్ చేశాడని హజ్రత్ ఖన్సా బిన్తె ఖిజామ్ (రజి) ఫిర్యాదు చేస్తే దైవప్రవక్త (స) దాన్ని రద్దు చేశారు. జబ్బు సంగతి అవతలివారికి దాచడం మరో అన్యాయం.

వలీ అంటే యజమాని కాదు

ఇన్ని విధాల తోడ్పడినా ఆ మనిషి ఆ నిర్ణయం తీసుకోలేకపోతే, అప్పుడు మాత్రమే వారి తరఫున మనం నిర్ణయించాలి. అప్పుడు కూడా మనకేది అనుకూలమన్నది ప్రశ్న కాదు. వారికి ఏది మేలు, తెలివిగా ఉన్నప్పుడు వారు ఏది కోరేవారు, ఇప్పుడు వారి ముఖంలో ఏం కనిపిస్తోంది అన్నదే ప్రశ్న. ఇల్లు అమ్మే నిర్ణయం తీసుకోలేని తల్లి, ఏ కూతురి దగ్గర ఉండాలో చెప్పగలదు. నమాజు రకాతులు మరచిపోయే తాత, మస్జిదుకు వెళ్లాలని ఉందని చెప్పగలడు. విధి ఎత్తివేయబడిందని చెప్పి ఆయన్ను గడప దాటనీయకపోవడం న్యాయం కాదు. చేయి పట్టుకుని తీసుకెళ్లి సఫ్‌లో పక్కన నిలబెట్టుకోవాలి.

అనాథల సంరక్షకుడు ధనవంతుడైతే వారి సొమ్ము ముట్టకూడదని, పేదవాడైతే ధర్మసమ్మతమైనంతే తీసుకోవాలని అన్‌నిసా సూరా 6వ ఆయతు హద్దు పెట్టింది. అన్యాయంగా అనాథల సొమ్ము తినేవారు తమ కడుపుల్లో అగ్ని నింపుకుంటున్నారని అదే సూరా 10వ ఆయతు హెచ్చరించింది. తన లెక్క తాను అడగలేని ప్రతి బలహీనుడి సొమ్ము దగ్గరా ఈ భయం మన గుండెల్లో ఉండాలి. పెన్షను ఎంత వచ్చింది, అద్దె ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది రాసిపెట్టండి. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు చూపండి. సాక్షులను పెట్టుకోమన్న ఆదేశంలో సంరక్షకుడికే రక్షణ ఉంది. రాత్రింబవళ్లు సేవ చేస్తున్న కొడుకు మీద, కోడలి మీద రేపు నింద పడకుండా కాపాడేది ఆ పుస్తకమే.

సోదర సోదరీమణులారా! నేడు మనం చేయి పట్టుకుని నడిపిస్తున్నవారు ఒకప్పుడు మన చేయి పట్టుకుని నడిపించినవారే. రేపు ఆ హీన వయసు మనలో ఎవరికి రాసిపెట్టి ఉందో అల్లాహ్‌కే తెలుసు. ఆనాడు మనల్ని ఎలా అడగాలని, ఎలా వినాలని కోరుకుంటామో, నేడు మన ఇంట్లోని వారిని అలాగే అడుగుదాం, అలాగే విందాం. ఈ రోజు ఇంటికి వెళ్లి ఒక్క పని చేద్దాం. ఇన్నాళ్లూ ఎవరి బదులు మనమే జవాబు చెబుతున్నామో వారి ఎదుట కూర్చుని, ఒక చిన్న విషయంలోనైనా వారి ఇష్టం అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుదాం.

అల్లాహ్ మనలోని బలహీనుల హక్కులు నెరవేర్చే భాగ్యం మనకు కలిగించుగాక! మన చేతుల్లో ఉన్న అమానతులకు మనల్ని న్యాయవంతులైన కాపరులుగా చేయుగాక! మన బుద్ధిని, విశ్వాసాన్ని చివరి శ్వాస వరకు కాపాడుగాక! ఆమీన్.